దోమ జబ్బుల ముప్పు మ్యాప్: కేసుల లెక్క నమ్మాలా, మోడల్ లెక్కా?

నీటిచుక్క:
దేశంలో డెంగీ, మలేరియా ముప్పు ఎక్కడ ఎంతుందో చూపే మ్యాప్ గీయడానికి రెండు పద్ధతులున్నాయి. ఆస్పత్రుల నుంచి వచ్చిన కేసుల్ని జిల్లాలవారీగా రంగులేయడం ఒకటి. ఎండ, వాన, జనసాంద్రత, దోమలు దొరికిన చోట్లు కలిపి మోడల్‌తో అంచనా కట్టడం రెండోది. నా ఓటు మోడల్‌కే. కేసుల మ్యాప్ అని మనం చూసేది చాలావరకు ల్యాబుల మ్యాప్. పరీక్షలు చేసేచోట ఎరుపు, చెయ్యనిచోట పచ్చ. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 39 కోట్ల డెంగీ ఇన్ఫెక్షన్లు. వాటిలో జబ్బుగా బయటపడేవి 9.6 కోట్లే. మిగతావాళ్లు ఆస్పత్రి గడపే తొక్కరు, ఇక లెక్కలోకి ఎలా వస్తారు?

డ్రమ్ముమూత:
లార్వా (దోమ పిల్లపురుగుల) సర్వేలకి ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి, అందుకే అడుగుతున్నా. మెట్ల కింద మూతలేని డ్రమ్ము మీ మోడల్‌కి కనబడుతుందా? వాన పడితేనే దోమ అనుకుంటుంది అది. నీళ్లకి కరువొచ్చినప్పుడే కదా జనం డ్రమ్ముల్లో, తొట్లలో పట్టి పెట్టుకునేది! డెంగీ దోమ కోరుకునేది ఆ మంచినీళ్లనే. దాని గుడ్లు తడి లేకుండా నెలల తరబడి బతికుంటాయి. ఆ దోమ సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు. మీరేమో జిల్లా మొత్తానికి ఒకే రంగు వేస్తారు.

గణాంకాలపిచ్చి:
ఇద్దరూ ‘దోమ జబ్బులు’ అని ఒకే గాటన కడుతున్నారు. మలేరియా మోసే అనాఫిలస్ ఎక్కువగా రాత్రిపూట కుడుతుంది. డెంగీ మోసే ఏడిస్ పగటి దోమ. బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌కి మురుగునీళ్లు చాలు. వీటన్నిటికీ ఒకే మ్యాప్ ఏంటండీ? వేడి లెక్క కూడా ఒకటి కాదు. మలేరియా వ్యాప్తికి దాదాపు 25 డిగ్రీలు బాగా కలిసొస్తే, డెంగీకి 29 దాకా. 18 డిగ్రీల కిందకి పోతే మలేరియా తెచ్చే ఫాల్సిపారం పరాన్నజీవి దోమ ఒంట్లో ఎదగడమే ఆగిపోతుంది. ఆ వేడి దాటాక కూడా ఎండ పెరిగేకొద్దీ ఎరుపు పెంచే మ్యాపులు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంకోటి. శ్రీలంకకి 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. దోమలు పోలేదు, వాతావరణమూ మారలేదు. వాతావరణం ఒక్కటే చూసే మోడల్ అక్కడ ఇప్పటికీ ఎరుపే చూపిస్తుంది.

నీటిచుక్క:
ఎరుపే ఉండాలి కదండీ! బయటినుంచి ఒక్కరు పరాన్నజీవిని ఒంట్లో పెట్టుకొస్తే మళ్లీ అంటుకునే చోటు అది. ఇప్పుడు వ్యాపిస్తోందా, వ్యాపించే వీలుందా అనేవి వేరువేరు ప్రశ్నలు. రెండిటికీ ఒకే రంగు వాడడం తప్పు, అంతవరకు ఒప్పుకుంటా.

స్లైడుచూసేవాడు:
ల్యాబ్ నుంచి ఒక మాట. ఫారంలో మేం రాసేది రోగి ఇంటి అడ్రస్. కుట్టిన చోటు ఎవరూ అడగరు. ఒకసారి పనికెళ్లొచ్చిన వాళ్లు వరసగా జ్వరాలతో వచ్చారు. కేసులన్నీ వాళ్ల ఊరి పేరు మీదే పడ్డాయి. ఫాగింగ్ మిషన్ ఆ ఊరికే పోయింది. గుంతల్లో నీళ్లు నిలిచిన పనిచోటు వైపు ఎవరూ పోలేదు. ఆ తర్వాత నేను మ్యాపులో ఎర్రచుక్క చూస్తే ముందు అడిగేది, ఇది నిద్రపోయే చోటా, కుట్టిన చోటా అని.

డ్రమ్ముమూత:
అదీ సంగతి. నాదొక్కటే డిమాండ్. పరీక్షలు సరిగా జరగని చోటుకి పచ్చ వెయ్యొద్దు, బూడిద రంగు వెయ్యండి. పచ్చ చూస్తే మందూ రాదు, మనిషీ రాడు.

నీటిచుక్క:
బూడిద రంగు వేస్తే సగం దేశం బూడిదే అవుతుంది. అలాంటి మ్యాప్ పట్టుకుని ఏ అధికారి డబ్బు పంచుతాడు? ఆ ఖాళీలు పూడ్చడానికే నేను మోడల్ అంటున్నా.

గణాంకాలపిచ్చి:
పూడ్చండి, కానీ పూడ్చిన చోట అడ్డగీతలు గీసి, అది అంచనా అని చూపించండి. పరీక్షలు ఎంతకంటే తగ్గితే బూడిద వెయ్యాలో హద్దు పెట్టడం మలేరియాలో తేలికే. ఏడాదికి జనాభాలో ఎంత శాతం మంది రక్తం పరీక్షించారన్న లెక్క ఉంటుంది. డెంగీకి ఏ హద్దు పెడదాం? లక్షణాలే లేనివాడు పరీక్షకి రాడు కదా. ఇంతకుముందు డెంగీ సోకిందని చెప్పే పాత యాంటీబాడీల్ని రక్తంలో వెతికే సర్వేలు తప్ప నాకు దారి కనబడట్లేదు. స్లైడుచూసేవాడు గారూ, అవి జిల్లాకొకటి చెయ్యగలమా?

స్లైడుచూసేవాడు:
ఉన్న సిబ్బందితోనా? జ్వరాల సీజన్‌లో వచ్చిన శాంపిళ్లే మూడు రోజులు ఆగుతున్నాయండీ.