విమానం ఎక్కేముందు ఒంటి మీద తనిఖీ ఎంతవరకు? మా అమ్మకి జరిగింది చూశాక అడుగుతున్నాను

గౌతమి_ఒడ్డు (అమలాపురం):

అందరికీ నమస్కారమండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా చెల్లి పురిటికని పోయిన నెల అమ్మని తీసుకుని మస్కట్ వెళ్లాను. అమ్మకి 66 ఏళ్లు, రెండు మోకాళ్లూ మార్పించాం, లోపల లోహపు కీళ్లు ఉన్నాయి. మధురపూడి ఎయిర్‌పోర్టులో అసలు ఇబ్బందే రాలేదు, అక్కడి ఆడ కానిస్టేబుల్ "మోకాలి ఆపరేషనా మామ్మగారూ" అని తెలుగులో అడిగి తెర వెనక్కి తీసుకెళ్లి రెండు నిమిషాల్లో పంపించేసింది. విమానం మారాల్సిన ఇంకో పెద్ద ఎయిర్‌పోర్టులో మాత్రం గేటు బీప్ అనగానే హిందీలో ఏదో గట్టిగా అన్నారు, అమ్మకి అర్థం కాలేదు, చేతిలో ఉన్న ఆపరేషన్ కార్డు చూపిస్తుంటే చూడలేదు. చీర మోకాళ్ల పైదాకా ఎత్తించి కుట్ల మచ్చలు చూశారు. తెర సగం తీసే ఉంది. నేను మగవాళ్ల లైన్లో ఇవతల ఉన్నాను, ఏమీ చేయలేకపోయాను. అమ్మ అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు చెల్లి దగ్గరే ఉంది కానీ తిరుగు ప్రయాణం తలుచుకుని టెన్షన్ పడుతోంది, మళ్లీ ఆ గేటు దాటాలంటే తన వల్ల కాదంటోంది.

మా బావతో చెబితే "కాందహార్ మర్చిపోయావా? హైజాక్ జరిగితే ఏడ్చే కంటే ఇది నయం కదా" అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. తనిఖీ వద్దని నేను అనడం లేదండి. హైజాక్ ఆగాలంటే మా అమ్మ చీర అందరి ముందు ఎత్తించాల్సిందేనా, ఆ రెండింటికీ నిజంగా సంబంధం ఉందా, మనకి ఏ హక్కులు ఉన్నాయి, తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు_మాజీ జవాను:

తమ్ముడూ, ముందు మీ అమ్మగారికి జరిగినదానికి బాధగా ఉంది. నేను ఎయిర్‌పోర్టులకి కాపలా ఉండే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్‌లో చేసి రిటైరయ్యాను, అందులో పదకొండేళ్లు ఎయిర్‌పోర్టు డ్యూటీ.

మీ బావగారు చెప్పిన కాందహార్ సంగతి నుంచే మొదలెడతాను. 1999 డిసెంబర్ 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేశారు. దాదాపు 190 మంది. అమృత్‌సర్, లాహోర్, దుబాయ్ మీదుగా కాందహార్ చేరింది, ఒక ప్రయాణికుణ్ణి చంపేశారు, డిసెంబర్ 31న ఉగ్రవాది మసూద్ అజర్‌తో కలిపి ముగ్గుర్ని జైల్లోంచి వదిలితే గానీ మిగతావాళ్లు బయటపడలేదు. పిస్తోళ్లు, గ్రెనేడ్లు విమానంలోకి వచ్చాయంటే ఎక్కేచోట తనిఖీ సరిగ్గా లేకపోబట్టే కదా. అందుకే 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి ఎయిర్‌పోర్టుల కాపలా రాష్ట్రాల పోలీసుల దగ్గర్నుంచి మాకు అప్పగించారు. కాబట్టి గేటు దగ్గర మేం మొండిగా ఉంటామంటే కారణం ఉంది. ఆపరేషన్ కార్డు ఎవరైనా కంప్యూటర్ సెంటర్లో అచ్చు వేయించుకోవచ్చు, అది చూసి వదిలేయడం కుదరదు.

కానీ మీ అమ్మగారి విషయంలో తప్పు జరిగింది, అది భద్రత ఖాతాలో వేయడానికి వీల్లేదు. మనం నడిచి దాటే ఆ గేటుకి, అంటే డోర్ ఫ్రేమ్ డిటెక్టర్‌కి కీలు ఏదో కత్తి ఏదో తెలియదు, లోహం ఉందని మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత చేతి డిటెక్టర్‌తో ఎక్కడ మోగుతోందో చూడాలి, చేత్తో తడిమి చూడాలి, అనుమానం ఉంటే చిన్న గుడ్డముక్కతో బట్టలమీద రుద్ది పేలుడు పదార్థం జాడ పట్టే యంత్రంలో పెట్టాలి. ఇదంతా మూసిన తెర లోపల, ఆడవాళ్ల చేతనే జరగాలి. మచ్చ కనబడినంత మాత్రాన లోపల ఏముందో తెలిసిపోదు కదా, అంటే ఆ చీర ఎత్తించడం వల్ల భద్రతకి ఒరిగింది కూడా ఏమీ లేదు. లైన్ పెరిగిపోతుంటే, పైనుంచి తొందరపెడుతుంటే జవాన్లు ఇలా అడ్డదారి పడతారు, నేను కళ్లారా చూశాను. నటి సుధా చంద్రన్ గారు 2021 అక్టోబర్‌లో ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పించడం గురించి వీడియో పెడితే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆవిడ పేరున్న మనిషి కాబట్టి వినిపించింది. మీరూ రాయండి, తేదీ, టైమ్, గేటు నంబరుతో సహా. లోపల కెమెరాలు ఉంటాయి, ఆలస్యం చేస్తే ఆ రికార్డు దొరకదు.

ఇంకో మాట. మన అయ్యప్ప స్వాముల ఇరుముడిలో కొబ్బరికాయని క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు కదా. 2022లో ఒకసారి, 2024 అక్టోబర్‌లో మళ్లీ, శబరిమల సీజన్ అయ్యేదాకా అనుమతిచ్చారు. ఎక్స్‌రే, పేలుడు పదార్థం పరీక్ష, చేత్తో చూడటం, మూడూ చేసి పంపమన్నారు. తనిఖీ తగ్గించలేదు, భక్తుడి ముడుపూ పారేయించలేదు. దేశంలో తిరిగే విమానాల్లో సిక్కులు మతాచారంగా పెట్టుకునే చిన్న కత్తి కిర్పాణ్‌కి కూడా ఆరంగుళాల అలుగుకి మించకుండా కొలత పెట్టి ఒప్పుకున్నారు. మనసుంటే పద్ధతి దొరుకుతుంది.

రాజోలు_ఆడపడుచు:

నేను తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను, సెలవుకి వచ్చినప్పుడల్లా ఈ గేట్లన్నీ దాటేదాన్నే. అన్నయ్యా, మీ అమ్మగారి బాధ నాకు తెలుసు. మాలాంటివాళ్లతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది, ఇంటిపని వీసా కాగితం కనబడగానే గొంతు మారిపోతుంది, "ఏయ్ ఇటు రా" అంటారు, సూట్ వేసుకున్నవాళ్లని "సార్ ప్లీజ్" అంటారు. వెతికేది ఒకటే కదండీ, ఆ మాట తేడా ఎందుకు?

అయినా సరే వెతకాలనే నేనంటాను. ఒకసారి మేం గాల్లో ఉండగా విమానంలో బాంబు ఉందని ఎవడో బెదిరించాడని ఇంకో ఊళ్లో దింపేశారు, మూడు గంటలు పిల్లల పేర్లు తలుచుకుంటూ కూర్చున్నాను, చివరికి అబద్ధమని తేలింది. ఆ రోజు నుంచి నన్ను పదిసార్లు వెతికినా నాకు కోపం రాదు. వెతికేముందు నాకు అర్థమయ్యే భాషలో ఒక్క మాట చెప్పి వెతికితే చాలు.

కాకినాడ_వకీలు:

చట్టం సంగతి నేను చెబుతాను. ఆడవాళ్లని ఆడవాళ్లే, మర్యాద కాపాడుతూ సోదా చేయాలన్నది మన క్రిమినల్ చట్టంలో ఎప్పటినుంచో ఉన్న సూత్రం. విమానాశ్రయం దానికి బయట ఉన్న చోటేం కాదు.

హైజాక్ చట్టం 1982లో వచ్చింది, దాన్ని తీసేసి 2016లో కొత్తది తెచ్చారు, 2017 జూలై నుంచి అమల్లో ఉంది. ఎవరైనా చనిపోతే ఉరిదాకా, లేకపోతే యావజ్జీవం. నమ్మదగ్గ బెదిరింపు చేసినా హైజాకింగ్ నేరమే. బెదిరింపుని తేలిగ్గా తీసుకోకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఇంత బరువైన చట్టం పొరపాటున ఒక మనిషి మీద పడితే ఏమవుతుందో చూడండి. 2017 అక్టోబర్‌లో ముంబై–ఢిల్లీ జెట్ ఎయిర్‌వేస్ విమానం టాయిలెట్లో బెదిరింపు చీటీ దొరికి అహ్మదాబాద్‌లో దింపారు. ఒక వ్యాపారిని పట్టుకున్నారు. 2019లో ప్రత్యేక కోర్టు యావజ్జీవం, 5 కోట్ల జరిమానా వేసింది. 2023లో గుజరాత్ హైకోర్టు ఆయన్ని నిర్దోషి అని వదిలేసింది. అరెస్టు నుంచి అక్కడిదాకా దాదాపు ఆరేళ్లు పట్టింది. నాకు మాత్రం హక్కుల గురించి అసలు భయం అక్కడే ఉంది, గేటు దగ్గర కంటే.

ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. హైజాక్ చేసిన విమానాన్ని ఊరి మీదకి మిసైల్‌లా తెస్తుంటే కూల్చేయొచ్చా? 2005లో మన కేంద్ర ప్రభుత్వం ఒప్పుకున్న విధానంలో అందుకు దారి ఉంది. జర్మనీలో అలాంటి చట్టం చేస్తే 2006 ఫిబ్రవరిలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది, ఏ పాపం ఎరగని ప్రయాణికుల ప్రాణాన్ని సర్కారు లెక్కల్లో ఒక వస్తువులా చూడకూడదని. నేను ఆ తీర్పు వైపే. ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోకపోవచ్చు.

విమానంలో గొడవ చేసేవాళ్ల నిషేధ జాబితా కూడా 2017లోనే వచ్చింది. మాటలతో గొడవకి మూడు నెలల దాకా, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదకి తెస్తే రెండేళ్లు, ఆపైన. రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ 30 రోజుల్లో తేల్చాలి, దాని మీద అప్పీలు ఉంది. గేటు దగ్గర తనిఖీ మీద ఫిర్యాదుకి కూడా ఇంత స్పష్టంగా గడువు పెట్టాలని నా కోరిక.

భీమవరం_శివ:

వకీలు గారూ, హక్కులన్నీ నేల మీద బాగుంటాయండి. 30 వేల అడుగుల పైన ఎవడైనా కత్తి తీస్తే అప్పుడు ఏ కోర్టుకి వెళతాం? కొంచెం అవమానమైనా భరించాలి.

గౌతమి_ఒడ్డు:

శివా, నువ్వు చెప్పేది మా బావ మాటే. కానీ జవాను గారు చెప్పింది చదివావా, ఆ అవమానం వల్ల ఎవరికీ రక్షణ పెరగలేదు. కత్తి తీసినవాడు పైలట్ దాకా పోకుండా ఆపేది తలుపు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత 60 మందికి మించి పట్టే విమానాలకి కాక్‌పిట్ తలుపు తూటాలకి కూడా ఆగేలా పెట్టాలన్నారు, 2003 నుంచి అంతర్జాతీయంగా తప్పనిసరి. దానికి కూడా ఇంకో వైపు ఉంది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానంలో కో-పైలట్ అదే తలుపు లోపల గడియ పెట్టుకుని కొండకి గుద్దేశాడు, 150 మంది పోయారు. బయట ఉన్న కెప్టెన్ లోపలికి రాలేకపోయాడు. ఏ ఒక్క గడియనీ నమ్ముకుని కూర్చోలేం, గేటూ కావాలి, తలుపూ కావాలి, సిబ్బందిని గమనించుకోవడమూ కావాలి. వీటిలో ఏదీ మా అమ్మ పరువు అడగడం లేదు కదా.

జవాను గారూ, ఫిర్యాదు రాసి పంపానండి, గేటు నంబరుతో సహా.

పాలకొల్లు_మాజీ జవాను:

మంచి పని చేశారు. అమ్మగారికి ఒక మాట చెప్పండి, గేటులోకి అడుగు పెట్టకముందే మోకాళ్ల వైపు చెయ్యి చూపించి తెర వైపు చూపించమనండి. బీప్ అన్నాక గాభరాపడేకంటే ముందే చెప్పినవాళ్లతో సిబ్బంది నెమ్మదిగా ఉంటారు. సూపర్‌వైజర్‌ని పిలవమని అడిగే హక్కు ఆవిడకి ఉంది, అడిగితే విమానం దాటిపోతుందని భయపడొద్దనండి, కాస్త ముందుగా చేరుకోండి చాలు.

గౌతమి_ఒడ్డు:

అలాగేనండి. నిన్న వీడియో కాల్‌లో చెప్పాను. చెల్లి ఒక కాగితం మీద హిందీ మాటని తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చిందట, "ఘుట్నే మే ఆపరేషన్ హై, పర్దే కే అందర్ చెక్ కీజియే" అని. అమ్మ రోజూ మనవరాలిని నిద్రపుచ్చాక దాన్ని పైకి చదువుకుంటోంది. తొమ్మిదో తారీఖున ప్రయాణం, తీసుకురావడానికి నేనే వెళుతున్నాను.