‘జాతి’లో పుట్టుక ఉంది, మరి వలస వచ్చినవాళ్ల మాటేమిటి?

ఒక అనువాదం మధ్యలో ఆగిపోయాను, సాయం చేయండి. వలసలు, సంస్కృతి, వారసత్వం కలిసి ఒక దేశపు ‘నేషనల్ ఐడెంటిటీ’ని ఎలా మలుస్తాయన్నది వ్యాసం. ‘జాతీయ అస్తిత్వం’ అని రాసుకుంటూ పోయాను. తీరా “వలస వచ్చినవాళ్లు కూడా ఈ జాతివాళ్లే” అన్న వాక్యం దగ్గర చెవికి ఏదో తేడా కొట్టింది. “ఈ దేశ పౌరులే” అంటే ఏ ఇబ్బందీ లేదు. ‘జాతి’ అనేసరికే ఎందుకు అడ్డం తిరుగుతోంది?

— అడ్డం తిరగక ఏం చేస్తుందండీ? జన్మ, జననం పుట్టిన ధాతువులోంచే జాతీ పుట్టింది. కుక్కకీ జాతి అంటాం, రత్నానికీ అంటాం. పుట్టుకతో ఉండాల్సిందే తప్ప మధ్యలో వచ్చి చేరేది కాదు. పౌరుడు అలా కాదు, ‘పురం’ నుంచి వచ్చినవాడు. ఊళ్లో ఉంటే చాలు.

— ఇంగ్లీషు ‘నేషన్’ ఏమీ తక్కువ తినలేదు. దాని లాటిన్ మూలానికీ అర్థం పుట్టడమే. వెనక్కి వెళ్తే మన ‘జన్’, వాళ్ల మూలం ఒకటే. వాళ్ల చెవికి అది వినిపించడం మానేసింది, మనకి ఇంకా వినిపిస్తోంది, అంతే తేడా. ఇంకో తమాషా: విదేశీయుడికి పౌరసత్వం ఇవ్వడాన్ని ‘నేచురలైజేషన్’ అంటారు కదా, అందులోని ‘నేచర్’ కూడా ఆ పుట్టుక మాటే. “నువ్వు ఇక్కడ పుట్టినట్టే” అంటోంది చట్టం. కానీ ‘పుట్టినట్టే’ వేరు, ‘పుట్టాడు’ వేరు. అమెరికాలో అలా పౌరుడైనవాడు సెనేటర్ కావచ్చు, అధ్యక్షుడు కాలేడు.

పుట్టుక అన్నా ఏ పుట్టుక? అమెరికా రాజ్యాంగానికి 1868లో వచ్చిన 14వ సవరణ ఏ నేల మీద పుట్టావని చూస్తుంది. జర్మనీ 1913 చట్టం ఎవరికి పుట్టావని చూసింది. దాంతో వలస కార్మికుల పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే చదువుకుని, ఆ భాషే మాట్లాడుతూ కూడా విదేశీయులుగానే ఉండిపోయారు. నేల మీది పుట్టుకని లెక్కలోకి తీసుకున్నది 2000 జనవరి 1 నుంచే, అదీ షరతులతో.

— ధాతువులు పట్టుకుని వేలాడితే ఎలా? మన భాషనే చూడండి. ‘రోజు’ పారశీకం నుంచి వచ్చింది. రోజులు, రోజూ, రోజుకి అంటూ మన ప్రత్యయాలన్నీ తొడుక్కుంది. అంతకు ముందునుంచీ ఉన్న ‘దినం’ సంగతో? “రేపు మా ఇంట్లో దినం” అంటే ఎవరు పోయారని అడుగుతారు! ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి.

నన్ను తొలిచేది మరొకటి. ‘దినం’ కూడా వచ్చిందే, సంస్కృతం నుంచి. దాన్ని ‘తత్సమం’ అని మర్యాదగా పిలుస్తాం. ‘రోజు’కి మాత్రం ‘అన్యదేశ్యం’ అని ముద్ర, ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా. అసలు ఇంటి మాట ‘నాడు’ ఏనాడో, ఆనాడు లాంటి వాటిలో సర్దుకుని కూర్చుంది. వారసత్వం అనేటప్పుడు దేన్ని లెక్కపెడుతున్నాం మనం?

— మీ ప్రశ్న బాగుంది గానీ, పాపం అడిగినాయనకి కావాల్సింది ఒక్క మాట. ‘దేశస్థులు’ అని పెట్టండి. ‘స్థ’ అంటే ఉన్న, నిలిచిన అని. ఎక్కడ పుట్టాడని అడగదు, ఎక్కడున్నాడో చెప్తుంది.

అందరికీ థాంక్స్. “వలస వచ్చినవాళ్లు కూడా ఈ దేశస్థులే” అని మార్చాను, చెవికి హాయిగా ఉంది. శీర్షికలో మాత్రం ‘జాతీయ’ అలాగే ఉంచేశాను. ‘దేశస్థ అస్తిత్వం’ అని పంపితే ఎడిటర్ గారు నాకే ఫోన్ చేస్తారు.