బాధలో ఉన్నప్పుడు కొనే అలవాటు: కార్డు లాక్కుంటే ఆగుతుందా?

అల్లిపురం_తమ్ముడు
మా ఇంట్లో గొడవ జరుగుతోంది, సలహా కావాలి. మా అక్క ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి రాగానే ఫోన్ పట్టుకుని కుర్తీలు, క్రీములు, గిన్నెలు ఆర్డర్ పెట్టేస్తుంది. సగం ప్యాకెట్లు విప్పకుండానే మంచం కిందకి తోసేస్తుంది. క్రెడిట్ కార్డుకి కనీస మొత్తమే కడుతోంది. షాపింగ్ యాప్‌లు తీసేయించి, కార్డు అమ్మ దగ్గర పెట్టించి, నెలకి ఇంతని నగదు ఇద్దామంటాను నేను. నాన్న వద్దంటున్నారు. మీరేమంటారు?

ఉక్కునగరం_రిటైర్డ్
నువ్వన్నదే కరెక్టు బాబూ. నేను ప్లాంటులో చేరిన కొత్తలో జీతం తెచ్చి ఇంటావిడ చేతిలో పెట్టేవాణ్ణి. బియ్యానికి ఒక డబ్బా, పిల్లల ఫీజుకి ఒక డబ్బా. నోటు చెయ్యి దాటుతుంటే ప్రాణం ఉసూరుమనేది. యూపీఐ 2016లో వచ్చింది, ఇప్పుడు ఆ బాధే తెలియడం లేదు. ఇది నా చాదస్తం కాదు. ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు అమెరికాలో బాస్కెట్‌బాల్ టికెట్లకి వేలం పెట్టి చూశారు, 2001లో అచ్చయింది. కార్డుతో కట్టాలన్నవాళ్లు నగదు కట్టాలన్నవాళ్లకి దాదాపు రెట్టింపు పాడారు. అదే టికెట్టు!
ఇక కనీస మొత్తం సంగతి. బాకీ మిగిలిందా, కొత్తగా కొన్నదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. చాలా కార్డులకి నెలకి నూటికి మూడు, మూడున్నర రూపాయలు. బయట ఆ వడ్డీకి ఎవరైనా అప్పు తెస్తే మనమే తిడతాం. కార్డు వెంటనే తీసేసుకోండి.

దొండపర్తి_లక్ష్మి
ఆ డబ్బుతో బంగారం కొనమనండి. ఎక్కడికీ పోదు.

మధురవాడ_సింధు
బాబాయి గారూ, ఆ వేలం నాకూ తెలుసు. కానీ అందులో పాడినవాళ్లు బాధలో ఉన్నవాళ్లు కారు కదా. క్రైడర్, లెర్నర్ అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు 2008లో ఇంకో ప్రయోగం చేశారు. కొందరికి ఏడిపించే వీడియో చూపించి, నీళ్ల సీసా ఎంతకి కొంటారని అడిగారు. అది చూసినవాళ్లు మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ ఇస్తామన్నారు. వీడియో వల్లనా అంటే, కాదనే అన్నారు. బాధ ధర పెంచుతుంది, పెంచినట్టు మనిషికి తెలియదు.
2014లో రిక్ అనే పరిశోధకుడి బృందం మరొకటి చూసింది. ఏం కొనాలో తామే ఎంచుకున్నవాళ్లకి దిగులు తగ్గింది. పరిస్థితి మన చేతిలో ఉందన్న భావన తిరిగి రావడమే కారణమని వాళ్లు తేల్చారు. నైట్ డ్యూటీలో పేషెంటు బంధువుల చేత మాటలు పడి, ఇన్‌చార్జి చెప్పినదల్లా చేసి వచ్చిన అమ్మాయికి, కుర్తీ రంగు ఎంచుకోవడం ఒక్కటే తన ఇష్టప్రకారం జరిగే పని. కార్డు లాక్కుంటే అదీ పోతుంది. డ్యూటీలో ఏం జరుగుతోందని మీలో ఎవరైనా అడిగారా?

ఉక్కునగరం_రిటైర్డ్
లక్ష్మి గారూ, నగ కొంటే 3 శాతం జీఎస్టీ, తరుగు, మజూరీ అన్నీ కట్టాలి. అమ్మేటప్పుడు అవి తిరిగి రావు.

దొండపర్తి_లక్ష్మి
నగ అని నేనెక్కడన్నాను? కాసు కొనమన్నాను. కురుపాం మార్కెట్‌లో ఎవరినైనా అడగండి.

ఉక్కునగరం_రిటైర్డ్
కాసుకి మాత్రం జీఎస్టీ లేదా?
సింధమ్మా, భావన అంటే అప్పు తీరుతుందా? మా చిన్నాడు ఉద్యోగంలో టెన్షన్ అని ఫోన్లు, బూట్లు కొన్నాడు. చివరికి లోన్ యాప్ దాకా వెళ్లాడు. వాళ్లు నాకు ఫోన్ చేశారు, మా వియ్యంకుడికి కూడా చేశారు. ఆ తలవంపులు ఎలా ఉంటాయో నీకు తెలియదు. నా పీఎఫ్ డబ్బు తీసి కట్టాను. తీర్చేవాళ్లకి మాట్లాడే హక్కు లేదా?

మధురవాడ_సింధు
మాట్లాడండి, ఎవరు కాదన్నారు? కానీ మగపిల్లాడి కార్డు తల్లి దగ్గర పెట్టమని ఇక్కడ ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? పెళ్లయిన కొత్తలో నా ఏటీఎం కార్డు మా అత్తగారి బీరువాలో ఉండేది. సంపాదించేది నేను, ఆటో డబ్బులకి అడగాల్సింది నేనే. మా ఆయన స్నేహితులతో భీమిలి రోడ్డులో చేసే ఖర్చు సరదా. నేను చీర కొంటే దుబారా. పార్సిళ్లు ఆఫీసుకి తెప్పించుకుని, కొత్త చీర ఒకసారి ఉతికి పాతవాటి మధ్య మడతపెట్టేదాన్ని. తాళం వేస్తే కొనడం ఆగదు, చెప్పడం ఆగుతుంది.

ఉక్కునగరం_రిటైర్డ్
ఆడా మగా అని నేను అనలేదమ్మా. మా వాడి కార్డూ నా దగ్గరే ఉంది. వాడే తెచ్చి నా చేతిలో పెట్టాడు, నేను అడిగినప్పుడు ఇవ్వు నాన్నా అని.

మధురవాడ_సింధు
వాడే తెచ్చి ఇచ్చాడు కదా బాబాయి గారూ! నేను మొదటి నుంచీ అంటున్నది అదే. ఈ తమ్ముడి అక్కని ఇంకా ఎవరూ అడగనే లేదు.

ఉక్కునగరం_రిటైర్డ్
అడిగితే ఇవ్వనంటే? వడ్డీ పెరుగుతుంటే చూస్తూ కూర్చోవాలా? మా వాడు ఇచ్చేసరికే ఆలస్యమైపోయింది.

సాగరతీరం
మధ్యలో వస్తున్నాను. కార్డు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఆన్‌లైన్ వాడకం ఆపుకోవడం, పరిమితి పెట్టుకోవడం ఆర్‌బీఐ 2020లో కార్డుదారు చేతికే ఇచ్చింది. బ్యాంకు యాప్‌లో డ్యూటీకి వెళ్లేముందు ఆపేసి, నిద్ర లేచాక కావాలంటే తెరుచుకోవచ్చు. షాపింగ్ యాప్‌లు ‘ఇంకా రెండే ఉన్నాయి’ అని అబద్ధపు తొందర పెట్టడం కూడా 2023 నవంబరు నుంచి నిషేధం. అలాంటివి కనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పండి.

అల్లిపురం_తమ్ముడు
అక్క ఇప్పుడే డ్యూటీ దిగి పడుకుంది. లేచాక ఆ పరిమితి సంగతి తననే అడుగుతాను. కార్డు అమ్మకి ఇవ్వమని మాత్రం ఇక అనను.

ఉక్కునగరం_రిటైర్డ్
అడుగు. బిల్లు గడువు ఏ తేదీయో కూడా అప్పుడే కనుక్కో.