మూతల పుస్తకమా, కథల పుస్తకమా? ఏడేళ్ల పాపకు ఏది కొనాలి

ఉప్పల్ అమ్మ:

మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. డిసెంబరులో హైదరాబాద్ ఎన్‌టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శనకు వెళ్లేముందే 600 రూపాయలకు మించకూడదని అనుకున్నాం. లోపలికి అడుగు పెట్టగానే పాప ఒక ఇంగ్లీషు పుస్తకం దగ్గర ఆగిపోయింది. మనిషి శరీరం గురించిన పుస్తకం. పొట్ట మీద అతికించిన కాగితం మూత ఎత్తితే పేగులు, ఆ పేగుల మీద మూత ఎత్తితే వాటి లోపలి గోడ. ధర 550. అదే డబ్బుకు మా మామగారు పక్క దుకాణంలో తొమ్మిది తెలుగు కథల పుస్తకాలు ఏరి పెట్టారు. "ఈ వయసులో పిల్లకు కథలు కావాలమ్మా, పేగుల సంగతి తరవాత చూసుకోవచ్చు" అన్నారు. ఆయన మాట కాదనలేక కథలే కొన్నాం.

పాప ఏడవలేదు. ఆటోలో విద్యానగర్ దాటేదాకా నోరు విప్పలేదు. తరవాత "తాతా, మనం తిన్న అన్నం లోపల ఎన్ని మలుపులు తిరుగుతుంది?" అని అడిగింది. ఆయనా నేనూ జవాబు చెప్పలేకపోయాం.

కథలు ఇష్టంగానే చదువుతోంది. కానీ ఆ మూతల పుస్తకం నా మనసులోంచి పోవడం లేదు. మేము తప్పు చేశామా?

తెలుగు మాస్టారు:

మీ మామగారు చెప్పింది సరైన మాటేనమ్మా. ముప్పై ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పాను. మూత ఎత్తిన పిల్ల బొమ్మ చూస్తుంది, పక్కన ఉన్న చిన్న వాక్యాన్ని వదిలేసి ఇంకో మూత మీదికి వెళ్లిపోతుంది. పేజీ మొత్తం తెరిచేస్తుంది, ఒక్క పేరా చదవదు. కథ అలా కాదు. తరవాత ఏమవుతుందో తెలియాలంటే వాక్యం వెంట నడవాల్సిందే. ఆ నడక అలవాటైన పిల్లే రేపు ఆరో తరగతి సామాన్యశాస్త్రం పాఠాన్ని సొంతంగా చదువుకోగలదు.

పైగా కథలో శాస్త్రం లేదని ఎవరన్నారు? ఏడు చేపల కథ తీసుకోండి. చేప ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డం వచ్చింది. గడ్డిమేటు ఎందుకు అడ్డం వచ్చింది? ఆవు మేయలేదు. అలా పాలేరు, అవ్వ, పిల్లవాడు, చివరికి చీమ. కారణం వెనక కారణాన్ని వెతకడం మన పిల్లలకు మాటలు వచ్చిన నాటి నుంచీ ఈ కథే నేర్పుతోంది.

గచ్చిబౌలి నాన్న:

మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. అయినా ఒప్పుకోలేకపోతున్నాను. ఆ కథలో ప్రతివాళ్లూ తప్పును పక్కవాళ్ల మీదికి తోస్తారు, చివరికి చీమ మాట్లాడుతుంది, కథ అయిపోతుంది. చీమ చెప్పింది నిజమో కాదో పిల్ల ఎలా సరిచూసుకోవాలి? సరిచూసుకోవడం నేర్పని "ఎందుకు" నాకు సగం ప్రశ్నే.

మా అబ్బాయి సంగతి చెబుతాను. వాడికి ఆరేళ్లు. అమెరికాలో దొరికిన డైనోసార్ల పేర్లు పది చెబుతాడు. మొన్న నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం కోటాసారస్ అనే డైనోసార్‌ది. తెలంగాణలోనే యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో దాని ఎముకలు దొరికాయి, 1988లో పేరు పెట్టారు. దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు, ఆకులు తినే జంతువు. ఎనిమిది వందలకు పైగా ఎముకలు దొరికాయి కానీ పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రం రెండు దొరికాయి. ఈ మాట చెప్పగానే మావాడు "మరి తల ఎలా ఉండేదో ఎలా తెలుసు?" అన్నాడు. రెండు పళ్లను బట్టి అది ఏం తినేదో ఊహించవచ్చని, దగ్గరి బంధువుల పుర్రెలతో పోల్చి చూస్తారని చెప్పాను. ఇంటికి వచ్చి నాలుగు రకాల తలలు గీశాడు.

ఆ నాలుగు తలలు గీయించే పుస్తకం నాకు తెలుగులో కావాలి. పేజీలో తల ఉండాల్సిన చోట ఖాళీ వదలాలి, పక్కన ఆ రెండు పళ్ల బొమ్మ ఉండాలి. ఎంత వెతికినా మన డైనోసార్ మీద అలాంటిది నాకు కనిపించలేదు. కొన్ని పుస్తకాల్లో డైనోసార్‌ను "రాక్షసబల్లి" అని రాసి వదిలేశారు. డైనోసార్ బల్లి కాదు. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త గ్రీకు మాటలతో పెట్టిన పేరుకు అది అనువాదం, అంతే. ఆ ఒక్క మాటతో పిల్లవాడి బుర్రలో తప్పు బొమ్మ పడిపోతుంది.

నారాయణగూడ:

ఉప్పల్ అమ్మగారూ, అసలు ప్రశ్న డబ్బు గురించి. ఒకటి 550, తొమ్మిది 550. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అచ్చుపని:

నేను ముట్టుకుంటాను. పిల్లల పుస్తకాల అచ్చులో పని చేస్తాను. మూతల పుస్తకంలో ఒక్కో మూతను అచ్చు వేసి, డై అనే కోత అచ్చుతో కోసి, మనుషులు చేత్తో అతికించాలి. కాగితం మందంగా ఉండాలి, లేకపోతే పదిసార్లు ఎత్తేసరికి చిరుగుతుంది. విదేశీ ప్రచురణకర్తలు ఈ ఖర్చును అనేక భాషల మీద పంచుతారు. బొమ్మల రంగులు అన్ని భాషలకూ ఒకటే, అక్షరాల నలుపు ప్లేటు మాత్రం భాషను బట్టి మారుస్తారు. అందుకే అక్షరాలన్నీ నలుపులోనే ఉంచుతారు. తెలుగు కూడా ఆ వరుసలో నిలబడవచ్చు, కానీ భాషకు వేలల్లో కాపీలు తీసుకుంటామని మాట ఇవ్వాలి. మా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లల పుస్తకాలు ఎక్కువగా వెయ్యి కాపీలవే. వెయ్యికి మూతలు అతికిస్తే ధర ఎవరూ కొనలేనంత అవుతుంది.

అందుకని చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. మడత పెట్టిన పేజీ చాలు, అతికించే పని తప్పుతుంది. కత్తెరతో కోయమని చుక్కల గీత వేస్తే ఆ పని పిల్లలే చేసుకుంటారు. తెల్లకాగితం, నల్లగీతలు, వాడి పారేసే వస్తువులతో ఎంత విజ్ఞానం చెప్పవచ్చో అరవింద్ గుప్తా గారు జీవితమంతా చేసి చూపించారు. మెరుపు అట్టలేనిదే పిల్లలు ముట్టరన్నది పెద్దల భయం.

చిక్కడపల్లి పాఠకురాలు:

మా అపార్ట్‌మెంటులో ఆదివారాలు పిల్లలకు పుస్తకాలు చదివి వినిపిస్తాను. నేను చూసింది చెబుతాను. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి ఒకసారి కథలా చెప్పాను. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది బతికారని చెప్పగానే గది నిశ్శబ్దమైపోయింది. తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి. అంతమందిని మోస్తే కొమ్మ విరగదా? రాత్రంతా ఏం తిన్నారు? మళ్లీ వరద వస్తే? ఆ మూడో ప్రశ్న నుంచి విశ్వేశ్వరయ్య గారి సలహాల దగ్గరికి, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాల దగ్గరికి మా మాటలు వెళ్లాయి. మరుసటి వారం ఇద్దరు పిల్లలు నాన్నలను వెంటబెట్టుకుని ఆ చెట్టు చుట్టుకొలత తాడుతో కొలవడానికి వెళ్లారు. వాళ్లను కదిలించింది కథ. ఆ తరవాత వాళ్లకు అవసరమైంది పటం, కొలతలు, చెరువు గోడ లోపలి బొమ్మ. వాటి కోసం వెతికితే నాకు పెద్దల పుస్తకాలే దొరికాయి.

తెలుగు మాస్టారు:

గచ్చిబౌలి నాన్నగారూ, తల ఉన్న చోట ఖాళీ వదలాలన్న మీ మాట నాకు బాగా నచ్చింది. ఆ పుస్తకం వస్తే నేనే కొని పంచుతాను. ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. "నా పేరు చీమ, నాకు ఆరు కాళ్లు, మూడు భాగాలు" అని చీమ చేతే పాఠం చెప్పించే పుస్తకాలు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. అందులో కథా ఉండదు, విజ్ఞానమూ ఉండదు. పిల్లలు మొదటి పేజీలోనే ఆ మోసాన్ని పసిగడతారు.

ఉప్పల్ అమ్మగారూ, ఒక పని చేయండి. చేప కథ చెప్పి, రెండు తడి జేబురుమాళ్లు పాప చేతికి ఇవ్వండి. ఒకటి ఎండలో, ఒకటి నీడలో. నీడ పడితే ఎండదన్న మాట నిజమో కాదో తనే చూసుకుంటుంది. సరిచూసుకోవాలన్నారు కదా నాన్నగారు, ఆయనకూ తృప్తి.

గచ్చిబౌలి నాన్న:

ఇది నాకు సమ్మతమే మాస్టారూ. చీమల పుస్తకాల విషయంలో మనిద్దరిదీ ఒకటే మాట.

ఉప్పల్ అమ్మ:

ఈ ఆదివారం చేశాం. మా మామగారే కథ చెప్పారు. పాప ఒక జేబురుమాలు బాల్కనీ ఎండలో వేసింది. నీడదాన్ని గదిలో కుర్చీ మీద ఆరేసింది, పైన ఫ్యాను తిరుగుతోంది, మేము గమనించలేదు. గదిలోదే ముందు ఆరింది. మా మామగారు "తప్పు జరిగింది, మళ్లీ చేద్దాం" అంటే పాప వినలేదు. కథలో గాలి ఎందుకు లేదని అడిగింది. ఇప్పుడు తాతా మనవరాలూ మూడో జేబురుమాలుతో కూర్చున్నారు, ఫ్యాను కట్టేసి.

ఆ మూతల పుస్తకం కోసం నెలకు వంద పక్కన పెడుతున్నాను. అందులో మొదటి వంద మా మామగారిది.