పేడ మానేశాక నేపియర్ గడ్డి డైజెస్టర్ పులిసిపోతోంది: పీహెచ్ నిలబడేదెలా?

మాది 25 ఘనమీటర్ల ఫిక్స్‌డ్ డోమ్ (కదలని గుమ్మటం ఉండే) బయోగ్యాస్ ప్లాంటు. పేడతో మొదలుపెట్టి మెల్లగా పూర్తిగా సూపర్ నేపియర్‌కి మార్చాం. రోజుకు 190 కిలోల పచ్చిగడ్డి, 2 సెంటీమీటర్ల ముక్కలు, అంతే బరువు నీళ్లు. లోపల వేడి 34-36 డిగ్రీలు, పెద్దగా మారదు.

రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో పీహెచ్ 7.2 నుంచి 6.4కి పడింది, గ్యాస్‌లో మీథేన్ 54 శాతం నుంచి 41కి. స్లర్రీ (లోపలి గడ్డి-నీళ్ల ద్రవం) పుల్లటి వాసన, స్టవ్ మంట ఎగిరి ఆరిపోతోంది.

వారంపాటు గడ్డి ఆపాం. సున్నం, తర్వాత వంట సోడా వేశాం. పీహెచ్ 7 దాటుతుంది కానీ సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టినా నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది. సగానికే పడిపోతోంది కాబట్టి లోడు ఎక్కువై కాదు, పేడతో వచ్చే నికెల్, కోబాల్ట్ లాంటి సూక్ష్మ పోషకాలు అందకే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు నీరసించాయని నా అనుమానం.

పేడ ఇక్కడ కొద్దిగానే దొరుకుతుంది. గడ్డి బరువులో కనీసం ఎంత శాతం పేడ రోజూ కలిపితే మీ ప్లాంటులో పీహెచ్ నిలకడగా ఉంది?