డిస్క్‌వరల్డ్ నవలలు: వచ్చిన వరుసలో చదవాలా, పాత్రల వరుసలో చదవాలా?

ప్రశ్న

టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ హాస్య ఫాంటసీ నవలలు మొత్తం 41. మొదటిది 1983లో వచ్చింది. చివరిది 2015లో, ఆయన కన్నుమూసిన కొద్ది నెలలకు వెలువడింది. కొత్త పాఠకులు ఎవరు అడిగినా "వచ్చిన వరుసలో చదవకండి, ఒక పాత్రను పట్టుకొని ఆ పాత్ర ఉన్న నవలలు మాత్రమే చదవండి" అన్న సలహాయే వినిపిస్తోంది. కాపలా దళం, మంత్రగత్తెలు, మనిషిలా తిరిగే మృత్యువు, పిరికి మాంత్రికుడు రిన్స్‌విండ్ అంటూ గీతలు గీసిన పటం ఒకటి చేతికిస్తారు. అన్నిటినీ ప్రచురణ క్రమంలోనే చదివి ముగించిన నాకు ఈ సలహా సమ్మతం కాదు.

ఒక్క ఉదాహరణ చాలు. విండిల్ పూన్స్ 130 ఏళ్ల మాంత్రికుడు. 1991లో వచ్చిన 'రీపర్ మ్యాన్'లో అతను చనిపోతాడు కానీ, మృత్యువు కొలువు పోగొట్టుకొని ఉండటంతో తీసుకుపోయేవారు లేక మళ్లీ తన శరీరంలోకే వచ్చి పడతాడు. మృత్యువు కథలనే ఏరుకొనేవారు వాటిలో మొదటిదైన 'మోర్ట్' తర్వాత నేరుగా ఈ పుస్తకానికే వస్తారు కాబట్టి వారికి పూన్స్ అప్పుడే ఎదురైన ముసలివాడు. అంతకు ముందు ఏడాది వచ్చిన 'మూవింగ్ పిక్చర్స్'లో అతన్ని చక్రాల కుర్చీలో చూసి నవ్వుకున్నవారికి మాత్రం, ఆ నవ్వులాటలో ఒక మనిషి ఉన్నాడని చనిపోయాక గానీ తెలియకపోవడం చురుక్కుమంటుంది. మాట్లాడే కుక్క గాస్పోడ్ సంగతీ అంతే: కాపలా దళం కథలే చదివేవారు దాన్ని 'మెన్ ఎట్ ఆర్మ్స్'లో తొలిసారి కలుస్తారు, నిజానికి అది 'మూవింగ్ పిక్చర్స్' నాటి నుంచే పాత చుట్టం.

మొదటి జవాబు

మీ ఉదాహరణ బాగుంది కానీ, అక్కడిదాకా చేరేది ఎంతమంది? మొదటి నవల 'ద కలర్ ఆఫ్ మ్యాజిక్'తో మొదలుపెట్టినవారికి దొరికేది కత్తులు, మంత్రాలు నిండిన ఆనాటి సాహస కథలకు పేరడీ. ఆ కథలు చదవనివారికి అందులో సగం హాస్యం అందదు. పైగా చివర రిన్స్‌విండ్ పళ్లెంలా బల్లపరుపుగా ఉండే ఆ ప్రపంచపు అంచు మీది నుంచి జారిపడటంతో పుస్తకం ఆగిపోతుంది. ఏం జరిగిందో తెలియడానికి అప్పటి పాఠకులు 1986 వరకు ఆగవలసి వచ్చింది. అందులోని మృత్యువు కూడా మనకు తెలిసిన మృత్యువు కాదు, కక్షగట్టి రిన్స్‌విండ్ వెంటపడే చిరాకు మనిషి. 'మోర్ట్'లో శిష్యుణ్ని పెట్టుకొని, పిల్లులను ముద్దుచేసే మృత్యువుకు ఇతనితో పోలికే లేదు. రచయిత ఇంకా చేయి తిప్పుకుంటున్న పుస్తకంతో పరిచయం చేసి, ఆపైన ఓపిక పట్టమనడం న్యాయం కాదు.

ఇంకొక మాట. కాపలా దళం మొదటి కథ 'గార్డ్స్! గార్డ్స్!' 1989లో వచ్చింది. కాపలా దళం తర్వాతి కథ 'మెన్ ఎట్ ఆర్మ్స్' 1993లో. ఈ రెండింటి నడుమ వేరే నవలలు ఆరు ఉన్నాయి. తాగి మురికి కాలువలో పడి ఉన్న దళనాయకుడు వైమ్స్ ఎలా నిలదొక్కుకున్నాడో తెలుసుకోవాలనుకునేవారిని ఆరు పుస్తకాలు ఆగమంటారా?

ప్రశ్న వేసినవారి సమాధానం

మొదటి పుస్తకం విషయంలో మీ మాటే నిజం. మొదట 'గార్డ్స్! గార్డ్స్!' చదివి, రుచి తెలిశాక వెనక్కి వెళ్లి 1983 నుంచి మొదలుపెట్టమని చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ ఆరు పుస్తకాలు అడ్డంకి అన్నదానికి ఒప్పుకోను. 'స్మాల్ గాడ్స్' వాటిలోదే, అది ఏ పాత్ర వరుసకూ చెందదు కాబట్టి పటం పట్టుకొని నడిచేవారు ఎక్కువగా వదిలేసేదీ అదే.

అసలు నన్ను ప్రచురణ క్రమానికి కట్టిపడేసిన కారణం మరొకటి. ప్రాచెట్ తనకు అల్జైమర్స్ జబ్బు ఉందని 2007 డిసెంబరులో వెల్లడించారు. తర్వాతి కాలంలో టైపు చేయలేక నోటితో చెప్పి రాయించారు. 2013 నాటి 'రైజింగ్ స్టీమ్'లో పాత్రలు ఉపన్యాసాల్లాగా మాట్లాడతాయి, సంభాషణల్లో పాత పదును కనబడదు. వచ్చిన వరుసలో చదివితే ఈ మార్పు మెల్లగా, ఒకే ఒక్క దఫా ఎదురవుతుంది. పాత్రల వరుసలో అయితే కాపలా దళం చివరన 2011 నాటి 'స్నఫ్' దగ్గర అలసిన గొంతు విని, మంత్రగత్తెల కోసం 1987కు వెళ్లగానే కుర్ర రచయిత ఎదురవుతాడు, ఆ దారి చివర మళ్లీ అదే అలసట. ఒకే మనిషి మూడు నాలుగు సార్లు ముసలివాడవుతాడు. నాకు అది చదవబుద్ధి కాలేదు.

రెండవ జవాబు

నేను పాత్రల వరుసలోనే చదివాను, పైన చెప్పిన అలసట నాకూ తెలిసింది, కానీ అప్పుడు దానికి కారణం తెలియక పుస్తకాన్నే తప్పుపట్టాను. చివరి నవల 'ద షెపర్డ్స్ క్రౌన్' ఒక్కటే మిగిలింది. అందులో ఏమవుతుందో దయచేసి ఎవరూ ఇక్కడ రాయవద్దు. దానికంటే ముందు 'మూవింగ్ పిక్చర్స్' తెరచి, చక్రాల కుర్చీలోని ఆ ముసలాయనను మరొకసారి చూసి వస్తాను.