ఎర్రకారం దోశ ఇంట్లో హోటల్ మాదిరి రావాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది కడప. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ బయట టిఫిన్ చేస్తే ఖర్చు బాగానే అవుతోంది, పైగా ఆ నూనె గురించి అమ్మకు టెన్షన్. అందుకే ఇప్పుడు కారం దోశ ఇంట్లోనే. పప్పుల పొడి, బొంబాయి చట్నీ బాగా కుదిరాయి, వాటితో ఇబ్బంది లేదు.

తంటా అంతా దోశతోనే. 3 పాళ్ల బియ్యానికి 1 పాలు మినప్పప్పు, గుప్పెడు అటుకులు, కాసిన్ని మెంతులు వేసి రుబ్బుతున్నాం. పిండి బ్రహ్మాండంగా పొంగుతోంది (మన ఎండలకు పొంగకపోతేనే వింత). ఇనుప పెనం మీద మొదటి దోశ ఎర్రగా, కరకరలాడుతూ వస్తుంది. తర్వాతవన్నీ తెల్లగా, మెత్తగా! హోటల్ పెనం మందంగా ఉంటుంది కాబట్టి వేడి నిలుస్తుంది, అది అర్థమవుతోంది. మరి ఇంటి స్టవ్ మీద దోశకూ దోశకూ మధ్య ఎంతసేపు ఆగాలి? నీళ్లు చల్లడం వల్ల మరీ చల్లారిపోతోందా? మంట ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి?

ఇంకోటి, ఎర్రకారం. నానబెట్టిన ఎండుమిర్చి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు పచ్చిగానే నూరుతున్నాం. పూయగానే నీరు వదిలి దోశ మెత్తబడుతోంది. నూనెలో వేయించమని కొందరన్నారు గానీ, అప్పుడు ఆ పచ్చి ఘాటు పోయి కూర పూసినట్టు ఉంటుంది. ఎర్రగడ్డ తగ్గించాలా? లేక కారం ఎప్పుడు పూయాలన్న దాంట్లోనే కిటుకు ఉందా?

హోటళ్లలో దోశ మాస్టర్‌గా చేసిన అన్నలెవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. నాన్‌స్టిక్ పెనం కొనమని మాత్రం అనొద్దు.